చొంగాకు

జాబొరాందీ ఆకుని ఎండకెత్తి చూస్తే
సూదితో పొడిచినట్టు సన్నటి వెలుతురు చుక్కలు.
నలిపితే నారింజ తొక్క వాసన.
మా అమ్మమ్మ దాన్ని చొంగాకు అనేది.
నమిలినవాడు ఎంత పెద్దమనిషైనా
పసివాడిలా గడ్డం తడుపుకుంటాడని.

జులైలో వానలు వెనకపడ్డాక
మరన్యావ్ అడవి అంచున మేం ఇరవైమందిమి.
కొమ్మ విరవకూడదు, కత్తెరతో కొయ్యాలి,
రెండు రెమ్మలు చెట్టుకి వదిలెయ్యాలి.
ఈ మాట చెప్పేవాడు కిలోకి ఇచ్చేది చూస్తే
వదలబుద్ధి కాదు.
గోనెసంచులు లారీ ఎక్కుతాయి.
ఎక్కడికని పదిహేడేళ్ళు నేను అడగలేదు.

తమ్ముడు తార్సీజియో పశువుల కాపరి.
రెండు వేళ్ళు నాలిక కింద పెట్టి ఈల వేస్తే
ముళ్ళపొదల్లో మేస్తున్న డెబ్భై ఆవులూ
మెడలు తిప్పి ఇంటిదారి పట్టేవి.
గొంతులో గడ్డ లేచింది.
సావ్ లూయీస్ ఆసుపత్రిలో ముప్పైమూడు సార్లు
కిరణాలు పెట్టారు. గడ్డ మాడింది.
దాంతోపాటు నోరూ.

నోరెండడం అంటే దాహం కాదు.
దాహానికి నీళ్ళున్నాయి.
కర్రపెండలం పిండి నోట్లో పోసుకుంటే
పోసుకున్నట్టే ఉంటుంది, ఇసుక మీద ఇసుక.
రాత్రిళ్ళు నాలిక అంగిట్లో అతుక్కుపోతే
లేచి వేలితో ఊడదీసుకునేవాడు.
ఎదురుగా కూచుని పచ్చి చింతకాయ ఉప్పద్ది కొరికాను.
నాకు చెవుల కింద జివ్వుమంది.
వాడికేం లేదు.
"ఎంగిలి చెయ్యడానికి కూడా పనికిరానక్కా" అని నవ్వాడు.
ఈల వేశాడు. గాలి వచ్చింది.
ఆవులు మేత మానలేదు.

నర్సు ఇలారా మాత్రలిచ్చింది, రోజుకి మూడు.
డబ్బా మీద పేరు చదివింది: పైలోకార్పిన్.
"దేంతో చేస్తారో తెలుసా?" అని
నా గోళ్ళకేసి చూసింది.
సందుల్లో ఇంకా ఆకుపచ్చ.

ఆ రాత్రి వార్డు వసారాలో చెప్పింది:
ఒంట్లో మనం పురమాయించని పనులు చేసే నరాలున్నాయట.
నిద్రలో గుండెని నెమ్మదిగా నడిపించేవి,
తిన్నది అరగదీసేవి, ఉమ్మి ఊరించేవి,
ఎండలో కంటిపాపని దగ్గరికి ముడిచేవి.
అవి కేకలెయ్యవు. కొసన ఒక్క బొట్టు చిలకరిస్తాయి,
గ్రంథి వింటుంది.
"ఈల లాగానా?" అన్నాడు తమ్ముడు.
కాసేపు ఆలోచించి, లాగానే అంది.
ఈ మందు యజమాని కాదు,
ఈల మాత్రం అచ్చం యజమానిదే.
కిరణాలకి చావగా మిగిలిన నాలుగు గ్రంథులు
అది విని లేవాలి.
మరి ఆపరేషన్ ముందు నోరెండబెట్టిన ఆ సూది?
అది అట్రోపిన్. దానికి ఈల రాదు.
ఆవు చెవిలో వేలు పెట్టి నిలబడుతుంది, అంతే.

ఈల వేస్తే పిలిచిన ఆవు ఒక్కటే వస్తుందా?
మంద మొత్తం వచ్చింది.
పిండితే కారేంత చెమట చొక్కాలో. ఆగని ముక్కు.
గంటకోసారి పెరట్లోకి.
మునిమాపు వేళ చూపు మసక,
దీపం పట్టుకుని నేను వెనకాలే.
రావలసింది తప్ప అన్నీ వచ్చాయి.
మానేస్తానన్నాడు.
ఇంకో వారం, అంది ఇలారా. మళ్ళీ ఇంకో వారం.

ఆరో వారం అనుకుంటా,
పిండి తింటున్నాడు. పక్కన గ్లాసు నిండుగా అలాగే ఉంది.
చూశాను. చెప్పలేదు,
చెబితే ఆగిపోతుందేమోనని.
మర్నాడు పొద్దున్నే దిండు పట్టుకొచ్చాడు:
గవ్వంత తడి మరక.
నలభై నాలుగేళ్ళ మనిషి
చొంగ కార్చుకుని నిద్రపోయాడు.
ఆ గలీబు చాలా రోజులు ఉతకలేదు నేను.

ఈల ఇంకా సరిగ్గా రాదు.
వచ్చినా సగమే, చిరిగి.
ముసలావు ఒకటి తలెత్తుతుంది,
మళ్ళీ దించుకుంటుంది.

ఈ ఏడు చెట్టుకి రెండు రెమ్మలు వదిలాను.
కొన్నిటికి మూడు.
సంచీ తేలిపోతోందని గుమాస్తా గొణిగాడు.
నోట్లో ఊరిన నీళ్ళు మింగి
ఊరుకున్నాను.